పెళ్లి తెర మీద ఐస్ హాకీ ఫైనల్: పాలకొల్లు వైపు ఒక సప్లయర్స్ వారి ఎల్‌ఈడీ తెర అద్దెపై సమీక్ష

మా గోదావరి జిల్లాల్లో పెద్ద ఎల్‌ఈడీ తెరను జనం మూడు చోట్ల చూస్తారు: పెళ్లి పందిట్లో, సంక్రాంతి కోడిపందేల బరి దగ్గర, ఎన్నికల సభలో. ఈ మూడు పనుల్లోనూ ఆరితేరిన ఒక సప్లయర్స్ వారి తెరను 2025 ఫిబ్రవరి 21, శుక్రవారం ఉదయం నేను నాలుగో పనికి అద్దెకు తీసుకున్నాను. కెనడా, అమెరికా జట్ల మధ్య బోస్టన్‌లో జరిగిన ఐస్ హాకీ ఫైనల్‌ను మా ఊళ్లో కళ్లం మీద అరవై డెబ్బై మందిమి కలిసి చూడడానికి. సేవలో మెచ్చుకోవలసినవీ ఉన్నాయి, తప్పుపట్టవలసినవీ ఉన్నాయి కనుక దుకాణం పేరు రాయడం లేదు. అయితే ఇలాంటి తెరను ఇలాంటి ఆటకు తీసుకునేవారు ముందుగా ఏమి అడగాలో తెలియడానికి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఊళ్లో ఐసు అంటే రొయ్యల పెట్టెల్లో కొట్టి వేసే గడ్డలే తప్ప, దాని మీద ఎవరైనా ఆడతారన్న ఊహ చాలామందికి లేదు. కానీ ఊరి పిల్లల్లో సగం మంది టొరంటో, బ్రాంప్టన్ వైపు, సగం మంది డల్లాస్, న్యూజెర్సీ వైపు స్థిరపడ్డారు. పక్కపక్క ఇళ్లలో ఉండే ఇద్దరు పెద్దలను ఊరంతా ఇప్పుడు కెనడా బావగారు, అమెరికా బావగారు అనే పిలుస్తోంది. ఒకరి కొడుకు కెనడాలో, మరొకరి కూతురు అమెరికాలో. ఆ ఏడాది అమెరికా అధ్యక్షుడు కెనడాను 51వ రాష్ట్రంగా కలుపుకుంటామని పదేపదే అనడమూ, సుంకాలు వేస్తామనడమూ వీరిద్దరి అరుగు మీది మాటల్లోకి కూడా వచ్చాయి. అంతలో, కెనడా, అమెరికాల పెద్ద ఐస్ హాకీ లీగ్ అయిన నేషనల్ హాకీ లీగ్, మేటి ఆటగాళ్లతో జరుపుతూ వచ్చిన ఆల్ స్టార్ ఆట స్థానంలో కెనడా, అమెరికా, స్వీడన్, ఫిన్లాండ్ జట్లతో నాలుగు దేశాల పోటీ పెట్టింది. ఫిబ్రవరి 15న మాంట్రియాల్‌లో ఈ రెండు జట్లూ తలపడినప్పుడు ప్రేక్షకులు అమెరికా జాతీయగీతానికి వెక్కిరింపులు పెట్టారు. ఆట మొదలైన 9 సెకన్లలోపే మూడు ముష్టియుద్ధాలు జరిగాయి. అమెరికా 3-1 తేడాతో గెలిచింది. ఆ తొమ్మిది సెకన్ల వీడియో మా ఊరి ఫోన్లన్నిటికీ చేరాక, పందెంకోళ్లు ఎరిగిన ఊరు కనుక, ఫైనల్ అందరం కలిసి చూడాలన్న నిర్ణయానికి పెద్ద చర్చ అవసరం కాలేదు. బావగార్లిద్దరూ ఖర్చు చెరిసగం పెట్టుకున్నారు; ఓడినవారు ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించాలన్నది పందెం. ఇద్దరికీ కావలసినవాడిని కనుక బేరం నాకు అప్పగించారు.

బేరం దగ్గర దుకాణం వారి మర్యాదకు లోటు లేదు. నాలుగు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు గల తెర, దానిని నిలబెట్టే ట్రస్, స్పీకర్లు, ఒక ఆపరేటరు, ఇద్దరు కుర్రాళ్లు, రానుపోను వ్యాను కలిపి 16,000 రూపాయలు చెప్పారు. జనరేటరు డీజిలు మాది. సంక్రాంతి మూడు రోజుల్లో ఇదే తెర గురించి అడిగితే ధర చెప్పకుండా నవ్వుతారు, కనుక ఇది న్యాయమైన ధరే. ప్రొజెక్టరు అయితే మూడో వంతు ఖర్చుతో పోతుందని వారే నిజాయితీగా చెప్పారు. బోస్టన్‌లో రాత్రి 8 గంటలంటే మనకు తెల్లవారి 6.30, అరగంటలో ఎండ వస్తుంది, ఎండలో ప్రొజెక్టరు బొమ్మ గుడ్డ మీద తెల్లబోతుంది. ఆ మాట వారు ముందే చెప్పబట్టి మేము తప్పు పని చేయలేదు.

ముందురోజు రాత్రి పదింటికి వస్తామన్నవారు తెల్లవారుజాము 4.40కి వచ్చారు. మాఘమాసం ముహూర్తాలు నడుస్తున్నాయి కనుక, రాత్రంతా మరో ఊళ్లో పెళ్లి చేయించి, అక్కడ తలంబ్రాలు అయ్యాక తెర విప్పి తెచ్చారట. కారణం నిజమే కావచ్చు, కానీ ఫోను చేసి చెప్పడానికి ముహూర్తం అక్కర్లేదు. వచ్చాక మాత్రం వారి పని చూడముచ్చటగా ఉంది. అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు గల పెట్టెలను వరుసకు ఎనిమిది చొప్పున ఐదు వరుసలుగా, మొత్తం నలభై, చీకట్లో టార్చి వెలుతురులో గోడ కట్టినట్టు పేర్చారు. కాలువ మీదినుంచి వచ్చే పొగమంచు అప్పటికే దట్టంగా దిగింది. పెట్టెల అంచుల వెంట నీటి బిందువులు నిలిచాయి. కుర్రాళ్లు వాటిని పొడి తువ్వాలుతో ఒక్కొక్కటే తుడిచి, కేబుల్ కొనలకు ప్లాస్టిక్ సంచులు చుట్టారు. తెర మీదికి రాబోయే ఐసు కంటే ముందు ఈ మంచుతోనే వారికి పని పడింది. 5.50కి తెర వెలిగింది.

ఇక అసలు విషయం. ఐస్ హాకీలో బంతి ఉండదు. పక్ అనే నల్ల రబ్బరు బిళ్ల ఉంటుంది. అడ్డంగా 3 అంగుళాలు, మందం 1 అంగుళం. ఆట జరిగే మంచు నేల 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. మేము తెచ్చుకున్న తెరలో బొమ్మను కూర్చే వెలుగు చుక్కల్లో (పిక్సెళ్లలో) చుక్కకూ చుక్కకూ మధ్య 3.91 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. అంటే ఒక్కో పెట్టెలో అడ్డంగా 128 చుక్కలు, తెర మొత్తం అడ్డంగా 1,024 చుక్కలు. పైనున్న కెమెరా ఎనభై అడుగుల నేలను ఒకేసారి చూపుతోందనుకుంటే, ఒక్కో చుక్కకు ఇంచుమించు ఒక అంగుళం నేల వస్తుంది, పక్ మొత్తానికి వచ్చేవి మూడు చుక్కలు. పదమూడు అడుగుల వెడల్పు తెర మీద ఆట ప్రాణమంతా ఒక శనగగింజ. పెళ్లిలో వధువు ముఖం తెరంతా నిండుతుంది, బరిలో కోడి గుర్రమంత కనిపిస్తుంది, సభలో నాయకుడు ఇంకా పెద్దగా కనిపిస్తాడు. మూడు చుక్కల వస్తువును చూపించమని ఈ తెరను అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు. కనుక తెర ఎంత పెద్దదని అడగడం కంటే చుక్కల ఎడం ఎంతని అడగడం ముఖ్యం. 2.6 మిల్లీమీటర్ల ఎడం గల తెర వారి దగ్గరే ఉందట, ధర ఎక్కువని మాకు చెప్పలేదట. చెప్పి ఉంటే బాగుండేది. మరో ఐదారు వేలకు వెనుకాడే స్థితిలో ఆ ఉదయం బావగార్లు లేరు.

పక్ కనబడకపోవడం మా ఊరి కళ్లకు మాత్రమే వచ్చిన కష్టం కాదు. అమెరికాలో ఫాక్స్ టెలివిజన్ వారు 1996లో పక్ లోపల ఎలక్ట్రానిక్ పరికరాలు పెట్టి, తెర మీద దాని చుట్టూ నీలి కాంతి వలయం గీసి, వేగంగా కొట్టినప్పుడు వెనుక ఎర్ర తోక వచ్చేలా చేశారు. ఆ ఏర్పాటు తొలిసారి కనిపించింది ఆల్ స్టార్ ఆటలో, అదీ ఇదే బోస్టన్ మైదానంలో. అప్పుడు దాని పేరు ఫ్లీట్ సెంటర్, ఇప్పుడు టీడీ గార్డెన్. ఆట తెలిసినవారు దానిని అవమానంగా భావించి వెక్కిరించారు, కొన్నేళ్లకే అది పోయింది. మా అమెరికా బావగారు ఆ సంగతి విని, ఆ తోక ఉంటే ఎంత బాగుండేదని చివరిదాకా అంటూనే ఉన్నారు.

మొదటి భాగంలో పది నిమిషాలు మాకు నిజంగానే ఏమీ తెలియలేదు. ఐసు తెల్లగా ఉండవలసింది పోయి గులాబీ ఛాయలో జిగేల్మంటోంది, దాని మధ్య నల్ల పక్ కరిగిపోతోంది. ఆపరేటరును పిలిచి అడిగితే అసలు కారణం బయటపడింది. పెళ్లిళ్లలో పట్టుచీర జరీ, నగల బంగారం మెరవాలని తెర వెలుగూ రంగుల గాఢతా బాగా పెంచి పెట్టుకుంటారు. రాత్రి పెళ్లి నుంచి నేరుగా వచ్చారు కనుక ఆ అమరికే ఉండిపోయింది. వెలుగును సగానికి తగ్గించి, రంగుల గాఢతను మామూలు చేయగానే ఐసు ఐసులా, పక్ పక్‌లా కనిపించాయి. లాప్‌టాప్ సెకనుకు 30 బొమ్మలే పంపుతోందని కూడా అప్పుడే తెలిసింది. గంటకు 144 కిలోమీటర్ల వేగంతో కొట్టిన పక్, అది ఈ ఆటలో అరుదేమీ కాదు, సెకనుకు 40 మీటర్లు పోతుంది. 30 బొమ్మల లెక్కన ఒక బొమ్మకూ తరువాతి బొమ్మకూ మధ్య దాదాపు నాలుగున్నర అడుగులు ఎగిరిపోతుంది. దానిని 60కి మార్చాక ఆట నునుపుగా పారింది. ఆ కుర్రాడు ఇరవై రెండేళ్లవాడు, రాత్రంతా నిద్ర లేనివాడు, అయినా విసుక్కోకుండా, "ఆయ్, ఇప్పుడు చూడండి సార్, సరిపోయిందాండి?" అని ప్రతి మార్పుకూ వెనుక వరుసదాకా నడిచివచ్చి తానే చూసుకున్నాడు. ఈ సేవలో నాకు నూటికి నూరు పాళ్లూ నచ్చింది అతడే.

పక్ కనిపించినా దానితోపాటు కన్ను పరుగెత్తలేదు. ఆటగాళ్లు నలభై అయిదు సెకన్లకోసారి మారిపోతుంటారు, ఆట మధ్యలోనే కంచె దూకి వస్తుంటారు. కెనడా బావగారు కళ్లజోడు తుడుచుకుని తుడుచుకుని చిరాకుపడుతుంటే, వెనుక కూర్చున్న కౌలురైతు ఒకాయన చెప్పిన మాట అందరికీ పనికొచ్చింది: "చేప కనపడకపోతే కొంగ మెడ చూడాలండి బాబూ." దాళ్వా మళ్లలో రోజూ కొంగలను చూసే మనిషి. ఆటగాళ్ల భుజాలు ఎటు తిరిగితే అటు చూడడం మొదలుపెట్టాక పక్ ఎక్కడుందో తెలియడం సులువైంది.

అప్పటికి కెనడా తరఫున నేథన్ మెకినాన్ మొదటి గోలు చేసేశాడు. అది గులాబీ రంగు ఐసు కాలంలో పడిన గోలు కనుక మేము చూసింది ఎత్తిన కర్రలనూ, గోలు వెనుక వెలిగిన ఎర్ర దీపాన్నీ మాత్రమే. మొదటి భాగం ముగిసేలోగా బ్రేడీ కచుక్ అమెరికాకు సమం చేశాడు. ఇది స్పష్టంగా కనిపించింది, అమెరికా బావగారి వైపు కుర్చీలు రెండు వెనక్కి పడ్డాయి.

రెండో భాగంలో దుకాణం వారి అసలు లోపం బయటపడింది. కింది వరుసలో కుడి చివర నుంచి రెండో పెట్టె మొదట మినుకుమని, తరువాత పూర్తిగా ఆరిపోయింది. తెర మీద అర మీటరు నల్ల కిటికీ. పక్ కుడి మూలకు వెళ్లిన ప్రతిసారీ ఆ కిటికీలో దూరి, ఎప్పుడో మరో వైపునుంచి బయటికి వచ్చేది. ఆటగాళ్లు నడుం దాకా కనబడి కాళ్లు లేకుండా ఒకరి మీద ఒకరు పడేవారు. జేక్ శాండర్సన్ గోలుతో అమెరికా 2-1 ఆధిక్యంలోకి వెళ్లినప్పుడు, పక్ ఎక్కడినుంచి వచ్చిందో రెండోసారి చూపితే తప్ప మాకు అర్థం కాలేదు. మంచు తడికి కనెక్టరు పాడైందని ఆపరేటరు చెప్పాడు. అదనపు పెట్టె ఉందా అని అడిగితే, ఉన్న రెండూ పెళ్లి ఊళ్లోనే ఉండిపోయాయట. నలభై పెట్టెల తెరకు ఒక్క అదనపు పెట్టె వెంట లేకుండా రావడం, అద్దె వ్యాపారంలో ఉన్నవారు చేయకూడని పని. శామ్ బెనెట్ 2-2 చేశాక వచ్చిన విరామంలో కుర్రాళ్లు పై వరుస మూలనున్న పెట్టెను విప్పి కిందికి మార్చారు. చచ్చిన పెట్టెను పై మూలకు పంపడం తెలివైన పని, అక్కడ ప్రేక్షకుల గ్యాలరీ తప్ప ఆట పెద్దగా కనిపించదు. ఆ మార్పు పదకొండు నిమిషాల్లో పూర్తయింది. అంతసేపూ ఊరు దిబ్బరొట్టి తాటిబెల్లం పానకంతో తింటూ నిచ్చెన మీది కుర్రాడికి సలహాలిచ్చింది.

ఎండ సంగతి కూడా చెప్పాలి. వ్యాను తిరగడానికి చోటు లేక తెరను తూర్పుముఖంగా నిలబెట్టారు. ఏడున్నర దాటాక సూర్యుడు కొబ్బరిచెట్ల పైకి వచ్చి నేరుగా తెర మీదే పడ్డాడు. ముందు తగ్గించిన వెలుగును మెల్లమెల్లగా పూర్తిగా పెంచవలసి వచ్చింది. బొమ్మ చెరగలేదు, ఎల్‌ఈడీకి ఆ బలం ఉంది, కానీ నలుపు బూడిదరంగు అయింది, శనగగింజ మళ్లీ మసకబారింది. ఉదయం పూట ఆటకు తెరను ఉత్తరముఖంగా నిలపాలి. చోటు చూడడానికి ముందురోజే ఒక మనిషిని పంపమని అడగండి, మేము అడగలేదు.

మూడో భాగంలో గోలు పడలేదు, 2-2 సమంగానే ఉండడంతో ఆట అదనపు సమయంలోకి వెళ్లింది. ఈ ఫైనల్‌లో అదనపు సమయం అంటే ఎవరు ముందు గోలు చేస్తే వారిదే గెలుపు. ఎనిమిదిన్నరకే బడి పిల్లలు ఏడుపు ముఖాలతో వెళ్లిపోయారు, వారి కుర్చీలు పెద్దలు ముందుకు లాక్కున్నారు. కెనడా గోల్‌కీపర్ జోర్డన్ బినింగ్టన్ ఆ రోజు మొత్తం 31 షాట్లు ఆపాడు. అదనపు సమయంలో అమెరికా వరుసగా మీదపడుతుంటే అతడు ఆపినవి చూసి, ఏ పక్షం లేని మా కొంగల రైతు కూడా లేచి నిలబడ్డాడు.

ఇక్కడ తెర తప్పు కాని ఒక తప్పు ఉంది, దానిని దుకాణం వారి ఖాతాలో వేయడం న్యాయం కాదు. చందా కట్టి చూసిన ఇంటర్నెట్ ప్రసారం అసలు ఆటకు నలభై సెకన్లు వెనుక నడిచింది. మొదటి గోలుకే టొరంటో నుంచి ఫోన్లు మోగడం మొదలై, తెర మీద గోలు పడకముందే అరుపులు వినిపించాయి. అందుకని రెండో భాగం మొదట్లో ఫోన్లన్నీ ఒక చేటలో వేయించి, మీద తువ్వాలు కప్పి, అరుగు మీద పెట్టించాను. వంటింట్లో ఉన్న కెనడా బావగారి భార్య, మా అక్కయ్యగారి ఫోను సంగతి ఎవరికీ గుర్తు లేదు. అదనపు సమయం ఎనిమిదో నిమిషంలో ఆవిడ పానకం గిన్నెతోనే గడపలోకి వచ్చి, "ఏమండీ, అబ్బాయి ఫోను చేశాడండీ, గెలిచేశారంట" అన్నారు. తెర మీద ఆట ఇంకా సాగుతూనే ఉంది. ఎవరూ అరవలేదు. కెనడా బావగారు సగం లేచి ఆగిపోయారు, అమెరికా బావగారు కుర్చీ చేతులు పట్టుకుని కదలకుండా చూస్తున్నారు. గోలు ఎటు పడుతుందో తెలిసింది కనుక ఆ నలభై సెకన్లూ పక్‌ను ఒక్క కన్నూ వదలలేదు. మూలనుంచి మిచ్ మార్నర్ అందించడం, గోలు ఎదుట ఎవరూ కాపు కాయకుండా వదిలేసిన కానర్ మెక్‌డేవిడ్ కొట్టడం, 8 నిమిషాల 18వ సెకనులో పక్ వలలో పడడం, మొత్తం ఆటలో మా ఊరు ఆదినుంచి అంతం దాకా పూర్తిగా చూసిన గోలు అదొక్కటే. కెనడా 3, అమెరికా 2. మా దేశాన్నీ తీసుకోలేరు, మా ఆటనూ తీసుకోలేరు అని అప్పటి కెనడా ప్రధాని ట్రూడో పెట్టిన మాట మధ్యాహ్నానికి మా ఊరి ఫోన్లలోకి వచ్చింది. పూతరేకులు మరునాడు వచ్చాయి, వాటిలో సగం అమెరికా బావగారే తిన్నారు.

లెక్కల దగ్గర దుకాణం యజమాని పేచీ పెట్టలేదు. ఆలస్యానికీ ఆరిపోయిన పెట్టెకూ కలిపి రెండు వేలు తగ్గించమంటే పదిహేను వందలు తగ్గించారు. డీజిలుకు వేరుగా 1,300 అయింది. మళ్లీ తీసుకుంటానా అంటే, అదే ఆపరేటరు వస్తానంటేనే, తక్కువ ఎడం గల తెర అయితేనే, అదనపు పెట్టెలు వ్యానులో నా కంటికి కనిపిస్తేనే తీసుకుంటాను. తెర విప్పుతున్నప్పుడు చచ్చిన పెట్టె మిగిలిన ముప్పై తొమ్మిదితో కలిసిపోకుండా దాని వెనుక నల్లటేపుతో ఇంటూ గుర్తు వేయించాను. ఆ సాయంత్రమే వారికి పెనుగొండ వైపు మరో పెళ్లి ఉందట. వ్యాను కాలువ గట్టు ఎక్కుతుంటే ఆ ఇంటూ గుర్తు పెట్టె అన్నిటికంటే పైన కనిపించింది.